ఐదింటికి సంతకాలు

“నువ్వు లోపలికి రావడానికి వీల్లేదు ఆడ్రీ,” అన్నాడు రస్ ఫెన్నెల్, గాజు తలుపుకి అడ్డంగా నిలబడి.

“నిన్నెవరు అడిగారు? మీ బాసు ట్రాస్క్ నాకు పది నిమిషాలిచ్చాడు. ఫోన్ చేసి కనుక్కో.”

“ఎందుకిచ్చాడు?”

“ఇవ్వకపోతే ఈ పెద్దాయన్ని కాలిబాట మీద నిలబెట్టి విలేకర్లని పిలుస్తానన్నాను. ఇవాళ మీ గుమ్మంలో కెమెరాలు కనిపించడం ఆయనకిష్టం లేదు.”

ఫెన్నెల్ వెంటనే జరగలేదు. హాలిడన్ టీవీ భద్రతాధికారిగా ఆ తలుపు దగ్గర అతని పెత్తనం ఇంకా గంటన్నరే. సాయంత్రం ఐదింటికి సంతకాలైపోతే ఆ భవనం, వెనకున్న స్టూడియోలు, పదో అవెన్యూ మూల దాకా ఉన్న నేలంతా బిల్డర్ల చేతికి వెళ్తుంది. హాలిడన్‌ని కొనుక్కున్న కాలిఫోర్నియా కంపెనీ టీవీని నడపాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు కానీ, టీవీ కింద ఉన్న నేలని అమ్మెయ్యాలన్నది మాత్రం వచ్చిన వారానికే తేల్చుకుంది.

“కోరా డెలనీ వెళ్ళిపోయింది. వెళ్తున్నానని వీడియోలో తన నోటితో తనే చెప్పింది. ఇంకేం వెతుకుతావు?” అన్నాడు ఫెన్నెల్.

“చెప్పించారు,” అన్నాడు ఆడ్రీ పక్కనున్న పెద్దాయన. “అది కోరా మాట్లాడే పద్ధతి కాదు. పిస్తోలు చూపించి చెప్పించినా ఇంతకంటే బాగా చెప్పేది.”

ఆయన పేరు ఎమ్మెట్ స్లోన్. ఎనభై దాటాడు. ముప్పై ఏళ్ళపాటు రోజూ మధ్యాహ్నం హాలిడన్ సీరియల్లో డాక్టరుగా కనిపించిన మనిషి. అందులో ఆయన భార్య కోరా డెలనీ. బయట వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే చెరో కారణం చెప్పేవారు. సీరియల్ ఆగిపోయి చాలాకాలమైనా కోరా రోజూ ఉదయం ఈ భవనానికి వచ్చి మూడో అంతస్తులోని తన మేకప్ గదిలో కూర్చునేది. బుధవారం మధ్యాహ్నం తరవాత ఆమెను చూసినవాళ్ళు లేరు. ఇవాళ శుక్రవారం. ఆమెకి డెబ్బై ఆరేళ్ళు, పైగా షుగర్ మనిషి.

పొద్దున్నే ఎమ్మెట్ వచ్చి తన డిటెక్టివ్ ఆఫీసు తలుపు కొట్టినప్పుడు ఆడ్రీ మలూఫ్ ముందు ఆయన ముఖం చూసి, తరవాత వణుకుతున్న చేతులు చూసి లోపలికి రానిచ్చింది. ఆమె తల్లి బ్రూక్లిన్‌లో ఇస్త్రీ చేసుకుంటూ ఆ సీరియల్ ఒక్కరోజు కూడా మానకుండా చూసేది. కానీ ఆడ్రీ కేసు తీసుకున్నది అందుకు కాదు. తప్పిపోయిన మనిషి కోసం ఆ చేతులు వణికినట్టు ఇంకెందుకూ వణకవని ఆమెకి తెలుసు.

ఫెన్నెల్‌కీ తెలియాలి. పోలీసుశాఖలో తప్పిపోయినవాళ్ళ విభాగంలో ఇద్దరూ ఎదురెదురు బల్లల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశారు. ఒక పిల్ల కేసు మూసేద్దామని ఫెన్నెల్ అన్నాడు. ఆడ్రీ వద్దంది. పై అధికారులు ఫెన్నెల్ మాటే విన్నారు. ఆ పిల్ల తరవాత దొరికింది, ప్రాణంతో కాదు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ముందు అతను ఉద్యోగం వదిలాడు, తరవాత ఆమె వదిలింది.

“పది నిమిషాలు,” అన్నాడు ఫెన్నెల్, పక్కకి తప్పుకుంటూ. “పదకొండో నిమిషంలో నేనే చెయ్యి పట్టుకుని బయట దింపుతాను.”

“చెయ్యి కడుక్కుని పట్టుకో.”

*

కోల్బీ ట్రాస్క్ ఆఫీసు గోడలకి ఫోటోలు తీసేసిన చోట తెల్లటి మరకలు మిగిలాయి. కుర్చీలు కూడా రెండే ఉన్నాయి. హాలిడన్ స్థిరాస్తుల అమ్మకం మొత్తం అతని చేతుల మీదుగానే నడిచింది. నలభై ఇంకా రాలేదు. షేవింగ్ నున్నగా ఉంది, చొక్కా మడత నలగలేదు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“కూర్చోండి మలూఫ్ గారూ. కాఫీ ఇప్పిద్దామంటే యంత్రం కూడా పట్టుకుపోయారు.”

“పరవాలేదు. కోరా గారికి ఆ మేకప్ గది మీద హక్కెలా వచ్చింది?”

“హాలిడన్‌ని పెట్టిన ముసలాయన ఇచ్చాడు. అప్పట్లో ఛానెల్ మూతపడేలా ఉంటే ఆవిడ సీరియల్ ఒక్కటే నిలబెట్టింది. పక్క ఛానెల్ వాళ్ళు పిలిచినా వెళ్ళలేదని, ఆవిడ వాడుకున్నంత కాలం ఆ గది ఆవిడదేనని రిజిస్టరు చేయించాడు. ప్రేమతో చేశాడో మందు మీద చేశాడో తెలీదు.”

“ఆవిడ తనంతట తాను వదిలేసి వెళ్తే?”

“హక్కు పోతుంది.”

“మీరు గెంటేస్తే?”

“గెంటడానికి లేదు. కోర్టుకి వెళ్తే ఏళ్ళు పడుతుంది.”

“ఆవిడ ఇవాళ కూడా ఆ గదిలోనే కూర్చుని ఉంటే?”

“సంతకాలు జరగవు. బిల్డర్లకి ఖాళీ భవనం కావాలి. వాళ్ళిచ్చిన గడువు ఇవాళ్టితో అయిపోతుంది, పొడిగించమని రెండుసార్లు బతిమాలాను, మూడోసారి ఫోనే ఎత్తలేదు. బేరం చెడితే నన్ను ఇవాళే పంపించేస్తారు. మీరు అడగబోయేది అదే కదా? నాకు కారణం ఉందా అని. ఉంది. ఈ భవనంలో ఆవిడ వెళ్ళిపోవాలని నా అంతగా కోరుకున్నవాడు ఇంకొకడు లేడు. కానీ ఆవిడే వెళ్తానంది.”

“ఆ వీడియో ఒకసారి పెట్టండి. పెద్ద తెర మీద.”

అతను పెట్టాడు. గోధుమరంగు కుర్చీలో కోరా డెలనీ కూర్చుని ఉంది. వెనక కిటికీ, తెల్లటి పరదా, పరదా మీద సాయంత్రపు ఎండ. “నేను కోరా డెలనీని. నా ఇష్టంతోనే గది ఖాళీ చేస్తున్నాను. వెర్మాంట్‌లో మా పిన్ని కూతురి దగ్గరికి వెళ్తున్నాను. దయచేసి నన్నెవరూ వెతకద్దు.” చివర్లో చెయ్యెత్తి జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

“అక్కడ ఆపండి,” అంది ఆడ్రీ. “ఆ చేతికి గోడ మీద నీడలెన్ని పడ్డాయి?”

ట్రాస్క్ చూశాడు. ఫెన్నెల్ కూడా మెడ ముందుకి చాపి చూశాడు.

“రెండు,” అన్నాడు ఫెన్నెల్.

“మనందరికీ సూర్యుడు ఒక్కడే కదా.”

“గదిలో లైటు వేసి ఉండచ్చు,” అన్నాడు ట్రాస్క్.

“నిజంగా ఎండ పడే గదిలో లైటు వేస్తే నీడ అంత నల్లగా పడదు. అది ఎండ కాదు, కిటికీ వెనక పెట్టిన దీపం. ఇంకొకటి. ఈ వీడియో నేను ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒక్క హారన్ లేదు, ఒక్క కుక్క మొరగలేదు, పై ఇంట్లో నడిచేవాడు లేడు, ఫ్రిజ్ గొణుగుడు కూడా లేదు. బయటి చప్పుడు రాకుండా కట్టిన చోటు అది. అలాంటివి కట్టేది మీలాంటివాళ్ళే.”

“న్యూయార్క్‌లో చప్పుడు రాని గదులు వెయ్యి ఉంటాయి,” అన్నాడు ఫెన్నెల్.

“సూర్యుణ్ణి తాడు కట్టి వేలాడదీసినవి ఎన్ని ఉంటాయి రస్? ట్రాస్క్ గారూ, ఈ భవనంలో ఇంకా సెట్లేమైనా మిగిలాయా?”

“లేవు. పోయిన నెల్లోనే అన్నీ చెత్తలారీలు ఎక్కించాం.”

ఆ జవాబు చాలా తొందరగా వచ్చింది. ఫెన్నెల్ ట్రాస్క్ వైపు ఒకసారి చూసి, వెంటనే నేల చూపులు చూశాడు. ఆ చూపు ఆడ్రీకి పాత పరిచయం.

“చెప్పు రస్. నువ్వు పొరపాట్లు చేస్తావు గానీ అబద్ధాలాడవు.”

“సెట్ కాదు. వెనక షూటింగులు జరిగే నాలుగో స్టేజీలో బిల్డర్ల నమూనా ఫ్లాటు ఒకటుంది. ఇక్కడ కట్టబోయే టవర్లో ఇళ్ళు ఎలా ఉంటాయో కొనేవాళ్ళకి చూపించడానికి.”

“కిటికీ ఉందా దానికి?”

“ఉంది. నది కనిపించేలాగా.”

ఎమ్మెట్ చేతికర్ర కిందపడింది. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయాడు. ఆడ్రీయే తీసి ఇచ్చింది.

“అందులో ఎవరూ లేరు,” అన్నాడు ట్రాస్క్. “నిన్న నేనే స్వయంగా వెళ్ళి చూశాను. సామాను పోతోందని బుధవారం సాయంత్రం దానికి కొత్త తాళం పెట్టించాం. కార్డు ఉంటేనే తెరుచుకుంటుంది. ఒకటి నా దగ్గర ఉంది, ఒకటి ఫెన్నెల్ దగ్గర.” అతను లేచి కోటు తొడుక్కున్నాడు. “మీ టైమైపోయింది. లాయర్లు పక్క గదిలో ఎదురుచూస్తున్నారు. ఫెన్నెల్, వీళ్ళని సాగనంపి రా.”

అతను తలుపు దగ్గర ఎమ్మెట్ ముందు ఆగాడు. “సారీ సర్,” అన్నాడు, చాలా మెల్లిగా. ఎందుకు సారీ చెప్పాడో చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

*

మెట్ల మలుపులో ఎమ్మెట్ ఫెన్నెల్ కోటు రెండు చేతులా పట్టుకున్నాడు.

“నాలుగో స్టేజీ తెరిపించు బాబూ. ఒక్కసారి. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.”

“ట్రాస్క్ చూశానన్నాడు కదా పెద్దాయనా. వదలండి.”

“నువ్వు చూశావా?” అంది ఆడ్రీ.

“అక్కర్లేదు నాకు. అతను నా పై అధికారి.”

“ఆ పిల్ల కేసులో కూడా నేలమాళిగ చూశామని ఎవరో చెప్పారు. నువ్వు సరేనని కేసు మూశావు.”

ఫెన్నెల్ ముఖం మాడిపోయింది. ఒక్క క్షణం అతను తనని కొడతాడేమో అనుకుంది ఆడ్రీ. కొడితే కొట్టనీ, తలుపు తెరిస్తే చాలు అనుకుంది.

“ఇన్నేళ్ళూ ఆ మాట దాచుకుని ఉన్నావన్నమాట,” అన్నాడు అతను.

“దాచుకోలేదు. నువ్వెప్పుడూ నా ఎదురు పడలేదు.”

అతను కోటు విడిపించుకుని మెట్లు దిగాడు. వీధి గుమ్మం వైపు కాదు, వెనక నడవా వైపు తిరిగాడు. “చూసి వచ్చేద్దాం. ఏమీ లేకపోతే నువ్వు జన్మలో నాకు కనిపించకు.”

నాలుగో స్టేజీ తలుపు ఒక జానెడు మందం ఉంటుంది. ఫెన్నెల్ కార్డు ఆనించగానే పచ్చ చుక్క వెలిగింది. ముగ్గురూ లోపలికి వెళ్ళాక తలుపు దాని బరువుకి అదే మూసుకుంది. మూసుకున్న చప్పుడు కూడా సగంలోనే చచ్చిపోయింది. ఆడ్రీ సెల్‌ఫోన్ చూసుకుంది. సిగ్నల్ లేదు.

“గోడల్లో ఇనుప రేకులున్నాయి. ఇక్కడ ఎప్పుడూ రాదు,” అన్నాడు ఫెన్నెల్. “గోడ ఫోనొకటి ఉంది.”

ఆమె టార్చి వెలుగు తలుపు లోపలి వైపు వేసింది. లోపలి నుంచి నెట్టి తెరవడానికి అడ్డంగా కడ్డీ ఉండాలి. అది లేదు. దాని స్థానంలో మరలు ఊడదీసిన నాలుగు కొత్త రంధ్రాలు ఉన్నాయి.

“ఇది ఎప్పుడు తీశారు?”

ఫెన్నెల్ కళ్ళు చిట్లించాడు. “తాళం మార్చినప్పుడు తీసి ఉంటారు. నేను చూడలేదు.”

ఆ చీకటి మధ్యలో, పైకప్పు లేని ఇల్లొకటి నిలబడి ఉంది. ఫెన్నెల్ స్విచ్ వెతికి వేశాడు. హాలు కిటికీలో ఒక్కసారిగా సాయంత్రమైంది. పలచటి గుడ్డ మీద అచ్చువేసిన నది, దాని వెనక పెద్ద దీపం, ముందు తెల్లటి పరదా, గోధుమరంగు కుర్చీ. ఆడ్రీ కుర్చీలో కూర్చుని చెయ్యెత్తింది. గోడ మీద రెండు చేతులు లేచాయి.

“ఇక్కడే,” అంది.

ఫెన్నెల్ గోడ మీది నీడలు లెక్కపెట్టాడు.

ఆమె వంటగదిలోకి నడిచింది. నల్లరాతి అరుగు, తళతళలాడే కుళాయి. కుళాయి తిప్పబోయి ఆగింది. అది అప్పటికే చివరిదాకా తిప్పి ఉంది. అయినా చుక్క రావడం లేదు. కింద అలమర తెరిచి చూసింది. గొట్టమే లేదు. స్నానాల గదిలోకి పరుగెత్తింది. తొట్టి కుళాయి, చేతులు కడుక్కునే కుళాయి, పైన జల్లు, అన్నీ చివరిదాకా తిప్పి ఉన్నాయి. ఎవరో ఒకరు ఒక్కొక్కదాన్నే తిప్పి, రాకపోతే ఇంకొకదాని దగ్గరికి వెళ్ళి, మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చి ఉంటారు. తొట్టి అంచున నెరిసిన వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది.

“కుళాయిలు అలంకారానికే,” అన్నాడు ఫెన్నెల్, గుమ్మంలోంచి.

“రస్, ఇంకేమీ చెప్పకు. వెతుకు.”

భోజనాల బల్ల మీద గాజు గిన్నెలో పళ్ళున్నాయి. మైనంతో చేసినవి. మెరుస్తున్నాయి. మధ్యలో ఉన్న ఎర్రటి ఆపిల్‌ని ఆడ్రీ బయటికి తీసింది. ఒక పక్క పళ్ళ గాట్లు దిగి ఉన్నాయి. ఒకసారి కాదు, మూడు చోట్ల. మొదటి గాటు లోతుగా ఉంది, ఆ తరవాతవి అంతకంతకూ పలచబడ్డాయి. బల్ల మీద నమిలి ఉమ్మేసిన మైనం ముద్ద ఉంది.

ఎమ్మెట్ ఆ ఆపిల్‌ని చూశాడు. ఆయన నోట్లోంచి వచ్చిన చప్పుడుని ఏడుపనడానికి లేదు. కుర్చీ పట్టుకోబోయి, దొరక్క, నేల మీద కూలబడ్డాడు.

“నేనే,” అన్నాడు. “నేనే చంపేశాను కోరాని.”

ఫెన్నెల్ ఆయన ముందు కూర్చున్నాడు. “ఏమిటన్నారు?”

“వీడియో తీసింది నేను. ఇక్కడే. బుధవారం మధ్యాహ్నం. బిల్డర్ల మనుషులు భోజనానికి వెళ్ళినప్పుడు.”

ఆడ్రీ ఆపిల్‌ని బల్ల మీద పెట్టేసింది. “పొద్దున నాకు వేరే చెప్పారు ఎమ్మెట్ గారూ.”

“నిజం చెబితే ఎవరూ వెతకరమ్మా. ఇద్దరు ముసలి నటులు నాటకమాడారని నవ్వి పంపేస్తారు. నిజంగా నాటకమే ఆడాం. ఆవిణ్ణి ఎవరో బలవంతంగా మాట్లాడించారని తేలితే జడ్జి అమ్మకం ఆపుతాడు, ఒక్క వారం ఆగితే బిల్డర్ల గడువు పోతుంది అనుకున్నాం. ఆ రెండు నీడలూ కావాలనే పెట్టింది కోరా. పోలీసులు పోల్చుకుంటారంది. వాళ్ళు ఒకసారి చూసి, ఆవిడ వెళ్తానంటోంది కదా అన్నారు.”

“ఆ తరవాత?”

“ఒక్క రాత్రి ఇక్కడ దాక్కుంటానంది. నేను సాయంత్రం భోజనం, షుగర్ మందు తెస్తానన్నాను. ముందు వీడియో లాయర్లకి పంపించాను. సూపు కొనుక్కుని వచ్చేసరికి తాళం మారిపోయింది. తలుపు కొట్టాను. నా చేతుల చప్పుడు నాకే వినపడలేదు. కాపలావాడు తరిమేశాడు. ఆవిణ్ణి చూసి ఇంటికి పంపేసి ఉంటారనుకున్నాను. ఇంటికి వెళ్తే లేదు. నిన్నంతా తిరిగాను. ఎవరికి చెప్పాలో తెలీలేదు. చెబితే జైల్లో పెడతారని భయం కాదమ్మా. చెబితే ఎవరూ వెతకరని.”

ఫెన్నెల్ లేచి నిలబడ్డాడు. తిడతాడేమో అనుకుంది ఆడ్రీ. తిట్టలేదు. “రెండు రోజులు. నీళ్ళు లేకుండా,” అన్నాడు, తనలో తనే.

“ఆవిడ ఈ తలుపు దాటి బయటికి వెళ్ళలేదు,” అంది ఆడ్రీ. “వెళ్ళలేదు కాబట్టే మైనం కొరికింది. ఇక్కడే ఉంది. పడగ్గది నువ్వు చూడు.”

అతను మంచం ఎత్తాడు. బీరువాలు తెరిచాడు. ఆడ్రీ అరుగు వెనక, పరదా వెనక, నకిలీ చలిమంట గూట్లో టార్చి వేసి చూసింది. ఎక్కడా లేదు. ఇల్లు దాటి బయట చీకట్లోకి వెళ్ళి గోడ వెంబడి తడుముకుంటూ తిరిగింది. కేబుళ్ళ చుట్టలు, ఖాళీ పెట్టెలు. “కోరా గారూ,” అని పిలిచింది. గొంతు చింపుకుని పిలిచినా ఆ గోడలు పిలుపుని దూదిలాగా పీల్చేసుకున్నాయి. ఆ పిల్లని వెతికిన రోజు కూడా ఇలాగే అరిచింది. ఆ రోజు ఆలస్యమైందని తెలిసాక కూడా అరుస్తూనే ఉంది.

ఇక్కడ చలిగా ఉంది. పైన చల్లగాలి యంత్రమేదో ఇంకా ఆడుతోంది. చలి వేసిన ముసలి మనిషి ఎక్కడికి పోతుంది? వెచ్చగా ఉండే చోటికి, ఆ పెద్ద దీపం దగ్గరికి.

ఆడ్రీ నది బొమ్మ అంచు పట్టుకుని గుడ్డని పక్కకి లాగింది.

గుడ్డకీ గోడకీ మధ్య సందులో, పెద్ద దీపం కాళ్ళ దగ్గర, కిటికీ పరదా ఒకటి చుట్టుకుని చిన్నపిల్లలా ముడుచుకుని పడి ఉంది కోరా డెలనీ. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది. ఆడ్రీ మెడ మీద వేళ్ళు పెట్టింది. ఏమీ తెలియలేదు. ఇంకాస్త నొక్కింది. ఎక్కడో చాలా లోతులో నాడి కొట్టుకుంటోంది.

“రస్. బతికే ఉంది. అంబులెన్స్.”

ఫెన్నెల్ తలుపు పక్కనున్న గోడ ఫోను దగ్గరికి పరుగెత్తాడు. ఎమ్మెట్ చేతికర్ర వదిలేసి మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. కోటు జేబులోంచి చిన్న పళ్ళరసం సీసా తీశాడు. బుధవారం నుంచి దాన్ని జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు. మూత తిప్పలేకపోయాడు. ఆడ్రీ తీసి, రుమాలు అందులో తడిపి, చుక్క చుక్కగా ఆ పెదాల మీద పిండింది. నాలుక కొద్దిగా కదిలింది. మరో చుక్క. మరో చుక్క. గుటక పడింది.

చాలాసేపటికి కోరా కళ్ళు తెరిచింది. ముందు ఎమ్మెట్‌నే చూసింది.

“భోజనం తెస్తానన్నావు,” అంది. మాట గాలిలాగా వచ్చింది.

ఎమ్మెట్ ఆమె చెయ్యి తన ముఖానికి ఆనించుకున్నాడు.

“మాట్లాడకండమ్మా,” అంది ఆడ్రీ. “డాక్టర్లు వస్తున్నారు. ఇంకాస్త తాగండి.”

కానీ కోరా ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో బలం లేదు, పట్టుదల మాత్రం ఉంది. “ఆ కుర్రాడు... నిన్న వచ్చాడు. ట్రాస్క్.”

ఆడ్రీ చేతిలో రుమాలు ఆగిపోయింది. “మిమ్మల్ని చూశాడా?”

“అదిగో, అక్కడ నిలబడి చూశాడు. నీళ్ళడిగాను. రేపు సాయంత్రం దాకా ఓర్చుకోండి, ఒక్క రోజు, నేనే వచ్చి తీసుకెళ్తాను అన్నాడు. ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే దీపం ఆర్పేసి వెళ్ళాడు.”

ఆడ్రీ మెల్లిగా లేచింది. ఇందాక మేడమీద అతను చెప్పిన మాటలో అబద్ధం ఒక్క ముక్కే. వెళ్ళాడు, చూశాడు. లేదన్నదే అబద్ధం. ఆమె వెళ్ళిపోయిందని లోకానికి చూపించే సాక్ష్యం ఆమె చేతే తయారై, అడక్కుండానే అతని చేతికి వచ్చింది. అతను చెయ్యాల్సిందల్లా తలుపు మూసి ఊరుకోవడమే.

“రస్,” అని కేకేసింది. “అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది?”

“వస్తోంది,” అన్నాడు ఫెన్నెల్, తలుపు దగ్గర్నుంచి. “బయటి లైన్లు పొద్దున్నే తీయించేశారు, ఇది లోపల మాట్లాడుకోవడానికే పనిచేస్తోంది. అందుకని పైకి ఫోన్ చేశాను. ట్రాస్కే ఎత్తాడు. ఆవిడ దొరికిందని, ప్రాణం ఉందని, మనం ముగ్గురం ఇక్కడే ఉన్నామని చెప్పాను. తనే పిలుస్తానన్నాడు.”

ఆడ్రీ తలుపు దగ్గరికి పరుగెత్తింది.

“తలుపు తెరువు,” అంది. “ఇప్పుడే. కార్డు పెట్టు.”

ఆమె గొంతు విని అతను మారు ప్రశ్న వెయ్యలేదు. లోపలి వైపు పెట్టెకి కార్డు ఆనించాడు. ఎర్ర చుక్క వెలిగింది. కార్డు కోటుకి తుడిచి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ ఎరుపే.

“పని చెయ్యడం లేదు. ఇందాకే కదా...” అని ఆగిపోయాడు. “ఆడ్రీ, ఈ కార్డుల్ని మేడమీద కంప్యూటర్లోంచి ఆపెయ్యచ్చు.”

ఆడ్రీ గడియారం చూసింది. ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. సంతకాలైపోతే ఈ స్థలం బిల్డర్లది. శని, ఆదివారాలు ఇటు ఎవరూ రారు. ఎక్కడ మొదలుపెట్టి కూల్చాలో సోమవారం వచ్చేవాళ్ళకి ముందే చెప్పి ఉంటారు. అవతల ట్రాస్క్ ఏం చేస్తాడో ట్రాస్క్‌కే తెలియకపోవచ్చు. నిన్న ఒక్క మనిషి విషయంలో ఒక్క రోజే అనుకున్నాడు. ఇవాళ నలుగురు. ఒకసారి ఏడుస్తూ తలుపు మూసినవాడికి రెండోసారి అంత కష్టం ఉండదు.

ఫెన్నెల్ గోడ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. దాన్ని గోడకేసి కొట్టాడు. “నేనే చెప్పాను వాడికి. నా నోటితో నేనే చెప్పాను.”

“తరవాత తిట్టుకుందువుగాని. ఆ మర రంధ్రాల దగ్గర తలుపు రేకు ఎంత మందం ఉందో చూడు. మంచం కాళ్ళు ఇనుపవైతే ఒకటి విరుచుకురా.”

అప్పుడే నది ఆరిపోయింది. దాని వెనక దీపం, ఇంట్లో దీపాలు, పైన ఆడుతున్న యంత్రం, అన్నీ ఒక్కసారిగా. మిగిలింది ఆడ్రీ చేతిలో టార్చి ఒక్కటే.

ఎమ్మెట్ లేచాడు. టీవీకి ముందు నాటకాల్లో, మైకు లేకుండా చివరి వరుసకి వినిపించేలా మాట్లాడడం నేర్చుకున్న మనిషి. ఛాతీ నిండా గాలి తీసుకుని, తలుపు వైపు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి అరిచాడు. సాయం కోసం అరిచాడు. మళ్ళీ అరిచాడు. ప్రతి కేకా నోటి ముందే పడిపోయింది.

కింద నుంచి కోరా ఆయన పంట్లాం అంచు పట్టుకుని లాగింది.

“ఊరుకో ఎమ్మెట్,” అంది. “నేను రెండు రోజులు అరిచాను.”